తరవాణి కుండ మీద నింద

కాసులమ్మ పోయి ఏడాది దాటింది. అండమాన్ దీవుల్లో డిగ్లీపూర్ దగ్గర ఏరియల్ బే జెట్టీలో ఆమె మాట వస్తే, అంత గుండె గల ఆడమనిషిని చూడలేదని ఇప్పటికీ అంటారు. మొగుడు గురునాథం పడవ ఇంజను చెడి సముద్రంలో చిక్కుకుపోయిన రోజున కూడా, బుట్టలో ఉన్న చేపల సరుకు పాడవుతుందని కూర్చుని అంతా అమ్మేసి, ఆ తరవాతే కోస్ట్‌గార్డు ఆఫీసుకు వెళ్ళిందని చెప్పుకుంటారు. గురునాథం ఆ గండం గడిచి తిరిగొచ్చాడు. చాలా ఏళ్ళ తరవాత జ్వరమొచ్చి మంచం మీదే పోయాడు. అప్పుడు కూడా ఆమె పదిమందిలో కంట తడి పెట్టలేదు.

ఆ కథలన్నీ నిజమే. అయితే కోడలు లహరి రెండోసారి కడుపుతో ఉన్న నెలల్లో కాసులమ్మ ఎలా ఉండేదో జెట్టీకి తెలియదు. ఇంట్లోవాళ్ళకే తెలుసు.

మొదటి కాన్పులో ఆడపిల్ల ఎనిమిదో నెలలో కడుపులోనే పోయింది. పోర్ట్‌బ్లెయిర్ పెద్దాసుపత్రికి చేరేటప్పటికే అంతా అయిపోయింది. బిడ్డ నెలలకు మించి పెరిగిపోయిందని, తల్లి ఒంట్లో చక్కెర ఎక్కువైతే ఇలా జరగవచ్చని, పరీక్ష ముందే చేయించి ఉండాల్సిందని అక్కడి డాక్టరమ్మ హిందీలో చెప్పింది. కొడుకు చక్రి తల వంచుకుని విన్నాడు. కాసులమ్మ చెవిలో మాత్రం ఆ చక్కెర అన్న మాట ఒక్కటే పడింది. కడుపుతో ఉన్న పిల్ల నోరు చప్పగా ఉండకూడదని తాను చేసిపెట్టిన కొబ్బరి లౌజు, బెల్లం పాకం పోసిన ఉండలు, చెంచా ఎక్కువే వేసి కలిపిన టీ అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. ఇంటికొచ్చాక మైల తీర్చి, వంటింట్లో మట్టి కుండలన్నీ బయట పారేసింది. అందులో తరవాణి కుండ కూడా ఉంది.

గంజి, బియ్యం కడిగిన నీళ్ళు, మిగిలిన అన్నం ఏ రోజుకారోజు పోస్తూ పులియబెట్టే ఆ కుండ ఆమె పుట్టినప్పటి నుంచి ఇంట్లో ఉన్నదే. శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చిన తల్లి దాన్ని ఇక్కడ మొదలుపెట్టింది. పొద్దున్నే జెట్టీకి పోయే ముందు ఆ పుల్లటి నీళ్ళు ఒక లోటాడు తాగితే ఎండపొద్దు దాకా ఆకలి ఉండేది కాదు. పారేశాక కాసులమ్మ మళ్ళీ కుండ పెట్టలేదు.

లహరికి మళ్ళీ నెల తప్పినప్పుడు ఇంట్లో ఎవరూ సంబరపడలేదు. ఈసారి పరీక్షలు ముందే చేశారు. ఆరో నెలకు చక్కెర బయటపడింది. తిండి మార్చి చూశారు, నడిపించి చూశారు. చాలలేదు. చివరికి ఇన్సులిన్ రాశారు. డిగ్లీపూర్ ఆసుపత్రిలో హేమమాలిని అనే నర్సు ఉంది. పోర్ట్‌బ్లెయిర్ పక్కన ప్రోతరాపూర్‌లో స్థిరపడిన తెలుగు మాస్టారి కూతురు. సూది ఎలా వేసుకోవాలో, వేలు గుచ్చి మిషన్‌లో చక్కెర ఎలా చూసుకోవాలో ఆమే నేర్పింది. మందును ఫ్రిజ్ తలుపులో పెట్టమంది. చల్లగా ఉండాలి అంది.

లహరి వేలు గుచ్చుకునే వేళకు కాసులమ్మ ఏ పనిలో ఉన్నా వచ్చి గుమ్మంలో నిలబడేది. మిషన్ వైపు చూసేది కాదు. కోడలి ముఖం వైపు చూసేది. ఆ ముఖం మామూలుగా ఉంటే వెనక్కి తిరిగి పనిలోకి పోయేది. కనుబొమ్మలు కాస్త ముడిపడితే చాలు, ఆ పూట ఆమె కంచం ముందు కూర్చునేది కాదు.

ఒక మధ్యాహ్నం లహరి ఫోన్ చూస్తూ పిలిచింది. చౌల్దారీ అనే ఊరి రైతుల పిల్ల. హిందీ బడిలో చదువుకుంది. తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు.

"అత్తా, ఇది విను. పేట్‌లో అచ్ఛా కీడే ఉంటాయంట. అవి బాగుంటే షుగర్ కూడా కంట్రోల్‌లో ఉంటాదంట."

"కడుపులో పురుగులేటే?" కాసులమ్మ చేపలు తోముతున్న చెయ్యి ఆపింది. "అయితే నట్టల మందు ఏయించాల. మంచివంటావేటి?"

"ఆ పురుగులు కాదత్తా. కంటికి కనపడవు. పెరుగులో ఉంటాయి, పులిసిన గంజిలో ఉంటాయి. నువ్వు ఇదివరకు పెట్టేదానివి కదా తరవాణి, అలాంటిదే. మళ్ళీ పెట్టవా?"

"ఆ కుండ పేరెత్తకు."

"ఎందుకు?"

కాసులమ్మ మళ్ళీ చేపలు తోమసాగింది. తన చేత్తో చేసిందేదీ ఈసారి పిల్ల కడుపులోకి పోకూడదని ఆమె లోపల ఎప్పుడో అనుకుంది. ఆ మాట పైకి చెప్తే పిల్ల ఏడుస్తుంది. అందుకని, "సిస్టరమ్మని అడుగు. ఆవిడ సరేనంటే సూద్దాం" అంది. వద్దంటుందనే ఆమె నమ్మకం.

హేమమాలిని వద్దనలేదు. "లహరి చూసిన దాంట్లో కొంత నిజముందమ్మా. మన పేగుల్లో కోట్లకొద్దీ సూక్ష్మజీవులుంటాయి. కడుపుతో ఉన్నప్పుడు వాటి తీరు మారుతుంది. మంచివి పెరిగితే ఒంట్లో ఇన్సులిన్ కాస్త మెరుగ్గా పనిచేస్తుందని కొన్ని పరీక్షల్లో తేలింది. పెద్ద తేడా ఏమీ లేదని తేలినవీ ఉన్నాయి."

"అంటే ఏటమ్మా? మంచిదా, సెడ్డదా? అది సెప్పు."

"మంచిదే కావచ్చు. మందు మాత్రం కాదు. సూది మానేసి ఇది తాగుతానంటే నేనే మీ ఇంటికొచ్చి తిడతాను. కాచి చల్లార్చిన నీళ్ళతో పెట్టండి, కుండ శుభ్రంగా ఉండాలి. పైన తేట నీళ్ళు చిన్న గ్లాసుడు చాలు. లోపలి అన్నం తింటే అది అన్నం కిందే లెక్క."

"సునా అత్తా?" అంది లహరి. కాసులమ్మ విననట్టు సంచీ సర్దుకుంది.

కొత్త కుండలో వెయ్యడానికి తోడు కోసం కాసులమ్మ పక్కింటి ఎరుకమ్మ దగ్గరికి గ్లాసు పట్టుకుని వెళ్ళాల్సి వచ్చింది. ఎరుకమ్మ నవ్వింది. "ఆస్పత్రోళ్ళు సెప్తే గాని నా కుండకి ఇలవ రాలేదన్నమాట. పట్టుకెళ్ళు వదినా. రేప్పొద్దున్న ఇంజెక్సన్లు కూడా నా ఇంట్లోనే అమ్ముతాను."

అలా కుండ మళ్ళీ ఇంట్లోకి వచ్చింది. పిల్ల తాగే ముందు కాసులమ్మ రోజూ తాను ఒక గుక్క తాగి, తన ఒంట్లో ఏమైనా తేడా వస్తుందేమోనని కాసేపు ఆగి, ఆ తరవాతే గ్లాసు ఇచ్చేది. మలబద్ధకం తగ్గింది, కడుపు తేలిగ్గా ఉందని లహరి చెప్పేది. సూది, తిండి, నడక అన్నీ కుదిరి మిషన్ కూడా మంచి మాటే చెప్తూ వచ్చింది. కోడలి ముఖం మామూలుగా ఉన్న రోజులు పెరిగాయి. అయినా కాసులమ్మ గుమ్మంలో నిలబడడం మానలేదు.

ఎనిమిదో నెల మొదలైంది. ఆ నెల పేరు ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. సరిగ్గా అప్పుడే బంగాళాఖాతంలో వాయుగుండం పడింది. చెట్లు కూలాయి, స్తంభాలు వాలిపోయాయి. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. పడవలన్నీ ఒడ్డుకు లాగి తాళ్ళతో కట్టేశారు. ఫ్రిజ్ తలుపు తెరిస్తే లోపల వేడి గాలి.

"మందు పాడైపోతుందేమో" అంది లహరి.

కాసులమ్మకు ఆ గాలివానలో మొదటిసారి గుండె కుదుటపడింది. ఆ పని తనకు చేతనైన పని. సరుకు చెడిపోకుండా చూడడమే ఆమె బతుకంతా చేసింది. చక్రిని ఐసు ఫ్యాక్టరీకి తోలింది. అక్కడ జనరేటరు ఉంది. వాడు గోనెలో మోసుకొచ్చిన దిమ్మను చెక్క సుత్తితో నలగ్గొట్టి, థర్మాకోల్ పెట్టెలో పరిచి, పైన కల్లుప్పు జల్లింది. ఉప్పు పడితే ఐసు కరుకెక్కుతుంది. చెయ్యి పెడితే కొరికినట్టుంటుంది. పోర్ట్‌బ్లెయిర్ ఓడకు పంపే పెద్ద సుర్మాయి చేపకే ఆ మర్యాద; మామూలు సరుకుకు ఉప్పు దండగ. మందు సీసాను ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఆ ఐసు నడిమధ్యన దించి, మూత వేసి, మీద తడి గోనె కప్పింది.

తిండి వేళకు ముందు తానే సీసా బయటికి తీసేది. గట్టిపడి రాయిలా ఉండేది. అంత చల్లగా ఉంటే ఇక చెడిపోయే మాటే లేదని ఆమెకు తృప్తిగా ఉండేది. గుప్పిట్లో పెట్టుకుని, చీర కొంగులో చుట్టి, కరిగాక లహరికి ఇచ్చేది. లహరి ఎప్పటిలాగే అరచేతుల మధ్య దొర్లించి సూది వేసుకునేది.

మర్నాడు లహరి కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"ఏటే?"

"కొంచెం ఎక్కువుంది. రాత్రంతా గాలి హోరుకి నిద్ర లేదు కదత్తా, అందుకేమో."

ఆ మర్నాడు ఇంకా పెరిగింది. అన్నం మానేసి చేప ముక్క, ఆకుకూర మాత్రం తింది. అయినా తగ్గలేదు. దాహం, దాహం అంటూ చెంబులకు చెంబులు నీళ్ళు తాగింది. చక్రి మిషన్ బ్యాటరీ మార్చి, తన వేలు గుచ్చుకుని చూశాడు. మిషన్ బాగానే ఉంది. అది చెడిపోయి ఉంటే బాగుండునని ముగ్గురూ ఎవరికి వారే అనుకున్నారు.

ఎరుకమ్మ తడిసిన గొడుగు మూల పెట్టి వచ్చి కూర్చుంది. "ఈ ముసురుకి కుండ సెడిపోయుంటాది వదినా. నా కుండ కూడా వాసనొస్తంది, పారబోసినాను. మంచి పురుగులన్నావు గదా, అవి సచ్చి సెడ్డయి పుట్టేయేమో."

ఊరికే అన్న మాట అది. కాని కాసులమ్మ దాన్నే పట్టుకుంది. అవును, వద్దు వద్దనుకుంటూనే మళ్ళీ తన చేత్తో పెట్టింది. మొదటిసారి తీపి, ఈసారి పులుపు. ఎరుకమ్మ వెళ్ళాక కుండ పెరట్లోకి మోసుకెళ్ళి కొబ్బరి చెట్టు మొదట్లో బోర్లించింది. ఖాళీ కుండ ఇంట్లోకి తేవడానికి మనసొప్పలేదు. రాయికేసి కొట్టింది. వాన నీళ్ళలో ఆ పెంకులు చూస్తూ, ఇక తగ్గిపోవాలి, తగ్గిపోవాలి అని తనలో తాను గొణుక్కుంది. తరవాత ఐసు పెట్టె దగ్గరికి పోయి, కరిగిన నీళ్ళు ఒంపి, కొత్త ఐసు వేసి, ఇంకో గుప్పెడు ఉప్పు జల్లింది.

తగ్గలేదు. మరుసటి పొద్దున మిషన్ చూసి లహరి దాన్ని పక్కన పెట్టేసింది. అంకె చెప్పలేదు. గోడకు జారగిలబడి పొట్ట మీద చెయ్యి వేసుకుని చాలాసేపు ఉండిపోయింది.

"అత్తా, నిన్నటి నుంచి తక్కువ కదులుతోంది."

కాసులమ్మకు ఆ మాట విన్న తరవాత ఏం చేసిందో గుర్తులేదు. వీధి చివరి పోలిరాజు జీపు ఎవరు పిలిచారో, దారిలో పడిన కొమ్మలు చక్రి ఎన్నిసార్లు దిగి లాగాడో ఆమె చూడలేదు. మందు సీసా వేడెక్కకూడదు అని చిన్న డబ్బాలో ఐసు వేసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ డబ్బా తప్ప ఆమెకు పట్టుకోవడానికి ఏమీ లేదు.

ఆసుపత్రిలో హేమమాలిని లహరి పొట్ట మీద గొట్టం లాంటిది ఆనించింది. ఏమీ వినిపించలేదు. కాస్త పక్కకు జరిపింది. ఇంకాస్త కిందికి జరిపేటప్పటికి గుర్రం పరిగెత్తినట్టు బిడ్డ గుండె చప్పుడొచ్చింది. చక్రి గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. కాసులమ్మ మాత్రం కదల్లేదు. ఉన్నది పోవడానికి ఎంతసేపు పడుతుంది?

డాక్టరు వచ్చి చూసింది. సూది సరిగ్గానే వేస్తున్నారా, మోతాదు మార్చారా అని అడిగింది. లేదంది లహరి. "దవా కహా రఖా థా?" అంది డాక్టరు. మందు ఎక్కడ పెట్టారని హేమమాలిని తెలుగులో మళ్ళీ అడిగింది.

"కరెంటు లేదు కదమ్మా" అంది కాసులమ్మ. "నానే ఐసులో ఎట్టినాను. మంచి ఐసు. సుర్మాయికి ఎట్టినట్టు ఉప్పేసి మరీ ఎట్టినాను. రాయిలాగుంది. ఇదిగో." డబ్బా మూత తీసి చూపించింది.

హేమమాలిని సీసా తీసుకుని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది. మామూలుగా పాలనీళ్ళలా ఉండాల్సిన మందులో సన్నటి పలుకులు తేలుతున్నాయి. సీసా లోపలి గోడకు మంచు పట్టినట్టు తెల్లటి పొర.

"గడ్డకట్టిందమ్మా ఇది. ఒక్కసారి గడ్డకట్టాక మందులో సత్తువ ఉండదు. కరిగినా తిరిగి రాదు. ఇన్నాళ్ళూ వేసుకున్నది ఉత్త నీళ్ళతో సమానం."

"సల్లగా ఉండాలన్నావు."

"చల్లగా అంటే గడ్డకట్టేటంత కాదు. తడిగుడ్డ చుట్టి నీడన ఉత్త మట్టికుండలో పెట్టినా ఆగేది." గొంతు తగ్గించి, "నేను ఆ మాట అప్పుడే చెప్పి ఉండాల్సింది" అంది.

చక్రి ఒక్కసారి లేచాడు. "నీకెవడు సెప్పాడే ఐసులో ఎట్టమని? ఏదైనా ఐసేనా నీకు? అది మందా, సేపా?"

"ఐసు నువ్వే కదరా మోసుకొచ్చావు" అంది కాసులమ్మ, చాలా నెమ్మదిగా.

వాడు మళ్ళీ కూర్చుండిపోయాడు. వాడికి కూడా ఆ పెట్టెలో తప్పేమీ కనిపించలేదు. జెట్టీలో పుట్టిన ఎవరికీ కనిపించదు.

కాసులమ్మ ఐసు డబ్బాకు మూత పెట్టింది. "మరి తరవాణి?" అని అడిగింది.

"దాని తప్పేమీ లేదమ్మా. మంచి చేసిందో లేదో నేను చెప్పలేను. చెడు మాత్రం చెయ్యలేదు."

"పగలగొట్టేసినాను దాన్ని."

మంచం మీద నుంచి లహరి నవ్విందో ఏడ్చిందో తెలియని చప్పుడు చేసింది. కొత్త మందు ఎక్కించారు. చక్కెర దిగేదాకా అక్కడే ఉంచారు. రోడ్డు తెరుచుకోగానే అంబులెన్సులో పోర్ట్‌బ్లెయిర్ పంపారు. జరావా తెగవాళ్ళుండే అడవి మొదట్లో, పోలీసులు బండ్లన్నిటినీ ఒక వరసగా కదిలించే దాకా ఆగాల్సి వచ్చింది. బండ్లను నీళ్ళు దాటించే పంటు దగ్గర ఇంకోసారి ఆగారు. ఆగిన ప్రతిచోటా కాసులమ్మ, "కదిలిందా?" అని అడిగింది. కదిలిందని లహరి ప్రతిసారీ చెప్పింది. కొన్నిసార్లు అబద్ధం చెప్పింది కూడా. అది కాసులమ్మకు తెలిసింది. అయినా మళ్ళీ అడిగింది.

కాన్పు దాకా పెద్దాసుపత్రికి దగ్గరలో ఉండాలన్నారు. ప్రోతరాపూర్‌లో హేమమాలిని పుట్టింటివాళ్ళు ఒక గది ఇచ్చారు. అక్కడ కాసులమ్మ పొయ్యి ముట్టుకోలేదు. మందు పెట్టిన ఫ్రిజ్ ఉన్న వైపుకే పోలేదు. చక్రి చేత వండించేది. వాడి వంట వాడికే దిగేది కాదు. నాలుగు రోజులు చూసి లహరి కంచం పక్కకు తోసేసింది.

"అత్తా, లే. పప్పు నువ్వు చెయ్యి. ఇది నేను తిననే తినను."

"నా సేతులతో వద్దమ్మా."

"ఎందుకు వద్దు? మందేమిటో నీకు తెలీదు. నాకు తెలుసా? రోజూ దొర్లించి వేసుకున్నది నేను కాదా? ఆ పలుకులు నాకు కనపడలేదా? చూసీ చూడనట్టు పోయాను. భయం నీకొక్కదానికే ఉన్నట్టు కూర్చుంటే ఎలా?"

కాసులమ్మ లేచింది. పప్పు చేసింది. పెరుగు కూడా తానే తోడు పెట్టింది. గిన్నె దించాక ముందు తానే ఒక ముద్ద తిని చూసి, ఆ తరవాతే కోడలికి వడ్డించింది.

నెలలు నిండడానికి కాస్త ముందే నొప్పులు తెప్పించారు. ఆడపిల్ల. పుట్టగానే ఏడ్చింది. కాని బిడ్డ ఒంట్లో చక్కెర పడిపోయిందని, తల్లి నుంచి ఎక్కువ అందినదానికి అలవాటు పడ్డ ఒళ్ళు ఒక్కసారి అది ఆగిపోయేటప్పటికి తట్టుకోలేదని చెప్పి పసిపిల్లల వార్డుకు తీసుకుపోయారు. అద్దం తలుపు మూసేశారు. లోపల ఏం జరుగుతోందో బయటికి చెప్పేవాళ్ళు లేరు. కాసులమ్మ ఆ తలుపుకు ఎదురుగా నిలబడింది. తినమంటే తినలేదు. లోపలికి పోయే ప్రతి తెల్లకోటు ముఖమూ చూసింది. ఏ ముఖమూ ఆమెకు ఏమీ చెప్పలేదు. తల్లి పాలు పిండి పంపమంటే చక్రి చిన్న గిన్నె పట్టుకుని లహరి మంచానికీ ఆ తలుపుకూ మధ్య తిరిగాడు.

రెండో రోజు మధ్యాహ్నం వార్డు సిస్టరు తలుపు తీసుకుని గుడ్డల మూటతో బయటికొచ్చింది. ఉత్త తల్లి పాల మీదే చక్కెర నిలబడింది, ఇక తీసుకుపోవచ్చని హిందీలో చెప్పి మూట ముందుకు చాచింది.

కాసులమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "సెక్రీ, నువ్వట్టుకో."

"నువ్వే అట్టుకోవే. నాకు రాదు."

"జల్దీ కరో అమ్మా" అని తొందరపెట్టింది సిస్టరు.

కాసులమ్మ చేతులు చీరకు తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. మూట అందుకుంది. అనుకున్నదానికంటే బరువుగా ఉంది. వెచ్చగా ఉంది. ఎక్కడ పడేస్తానోనన్న భయంతో, నిలబడ్డ చోటే వరండా నడిమధ్య నేల మీద చతికిలబడింది.

మాప్‌కర్ర పట్టుకుని తుడుస్తూ వస్తున్న ఆయా ఆమె ముందు ఆగింది. "హటో అమ్మా, ఇక్కడ పోఛా వెయ్యాలి. బెంచీ మీద కూర్చో."

"నాను లెగలేను" అంది కాసులమ్మ తలెత్తకుండా. "లెగిస్తే పడిపోద్ది. నా సుట్టూ తుడుసుకుని పో."

ఆయా గొణుక్కుంటూ ఆమె చుట్టూ తడిగీత గీసినట్టు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. పిల్ల ఆవలించింది. కాసులమ్మ వంగి, ముక్కు దగ్గర చెవి పెట్టి, ఊపిరి వింటూ, నేల ఆరేదాకా అక్కడే కూర్చుంది.